రొయ్యలిచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్

చమురు బావులు తవ్వే దొరలకు జై! వాళ్లు తవ్వకంలో వాడే బురద పాపాలన్నీ కడుక్కుని పునీతమైందట. డీజిల్‌తో కలిపే పాత బురద పాపిష్ఠిది, నీళ్లతో కలిపే కొత్త బురద పరమ సాధువు. కోనసీమ కొబ్బరితోటల పక్కన రిగ్గు దిగితే చాలు, ఇదే మంత్రం: "మాది వాటర్ బేస్‌డ్ అండీ, భయం లేదు!" నీళ్లు కలిస్తేనే తీర్థమయ్యేటట్టయితే మన మురుక్కాలవలకూ పుష్కరాలు చేయాలి.

డీజిల్ కన్నా ఇది నయమే, కాదనేవాళ్లెవరూ లేరు. 2005లో కేంద్రం డీజిల్ బురదను నిషేధించి మంచి పనే చేసింది. బురద లేకుండా బావి తవ్వడమూ కష్టమే. బిట్టును చల్లార్చేదీ, రాతిపొడిని పైకి మోసుకొచ్చేదీ, కింది గ్యాసును బరువుతో అదిమిపట్టేదీ అదే. ఆ గ్యాసు చెయ్యిదాటితే ఏమవుతుందో 1995లో పాశర్లపూడి రెండు నెలలకు పైగా మండి చూపించింది.

ఇంతకీ ఆ సాధువు జోలెలో ఏముంది? బెంటొనైట్ బంకమన్ను. బరువుకు మన మంగంపేటలో దొరికేలాంటి ముగ్గురాయి. చిక్కదనానికి పాలిమర్లు. కింది మట్టిపొరలు ఉబ్బకుండా చాలాచోట్ల పొటాషియం క్లోరైడ్. "పొటాష్ ఎరువే కదండీ, చేలకు బలం!" అంటారు. ఎకరాకు ఎన్ని కిలోలు చల్లాలో లెక్క చూసుకునే రైతు చేలోకి, లీటరుకు ముప్ఫై నలభై గ్రాముల ఉప్పున్న బురద, దాన్ని నిల్వచేసే గుంత వానకు పొంగి వచ్చిపడితే ఆ బలమెంతో నారుమడే చెబుతుంది. నూనె తెట్టయితే కంటికి కనబడి గొడవవుతుంది. ఉప్పు మర్యాదస్థురాలు, చప్పుడు చేయకుండా ఇంకిపోతుంది.

మరి 'సురక్షితం' అని ముద్ర వేసేదెవరు? మైసిడ్ అనే బుల్లి రొయ్య! 2005 నాటి ఆ నిబంధనల ప్రకారం, బురదలో కలిపే రసాయనాలను లీటరు నీటికి 30 గ్రాముల దాకా పోసినా 96 గంటల్లో సగం రొయ్యలు చావకూడదు. నూటికి నలభై తొమ్మిది చస్తే పాసు. అదే భీమవరం చెరువులో నాలుగు రోజుల్లో నలభై తొమ్మిది తేలితే రైతు గట్టు మీదే కూలబడతాడు. ల్యాబులో తేలితే కంపెనీవారు స్వీట్లు పంచుతారు. అయిదో రోజు సంగతి అడక్కండి, పరీక్ష అయిపోయింది. వరికీ కొబ్బరికీ ఊరి బోరుకూ ఆ పరీక్షలో హాల్ టికెట్టే లేదు.

అదే నిబంధనల్లో ఇంకొన్ని మాటలున్నాయి. ముగ్గురాయిలో పాదరసం కిలోకు 1 మిల్లీగ్రాము, కాడ్మియం 3 మిల్లీగ్రాములు దాటకూడదు. పని ముగిశాక వ్యర్థమేదీ వదలకుండా నేలను బాగుచేసి వెళ్లాలి. ఈ మాటలు మాత్రం ఏ మంత్రంలోనూ వినబడవు.

అందుకని అయ్యలారా, అమ్మలారా! రిగ్గు దిగిన నాడు బురద కులం అడక్కండి, గుణం అడగండి. క్లోరైడ్ ఎంత, పాదరసం ఎంత, గుంతలో పరిచిన పట్టా చిరిగిందా, పూడ్చేదెప్పుడు? జవాబులు కాగితం మీద, తెలుగులో, పంచాయతీ గోడకు అంటించమనండి. అంటించేదాకా ఆ బురదను బురదనే అనండి.