జీతమున్న అబద్ధం పేరు త్యాగం

ఇంట్లో అబద్ధమాడే మొగుడికి మన సమాజం ఏదో ఒక బిరుదు తగిలించకుండా వదలదు. తాగొచ్చి ఆడితే తాగుబోతు, అప్పు చేసి ఆడితే అసమర్థుడు, దేశం పేరు చెప్పి ఆడితే మాత్రం మహానుభావుడు. ఈ మూడో రకం మొగుడికి ఓటీటీల్లో ఇప్పుడు మంచి గిరాకీ. 2019 సెప్టెంబరులో అమెజాన్ ప్రైమ్‌లో మొదలైన ‘ది ఫ్యామిలీ మ్యాన్’ తీసిన రాజ్ నిడిమోరు, కృష్ణ డీకే ఇద్దరూ సీమవాళ్లే. ఒకరిది తిరుపతి, ఒకరిది చిత్తూరు, ఇద్దరూ కలిసింది ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో. వాళ్ల కథానాయకుడు శ్రీకాంత్ తివారీ ఉగ్రవాదులను వేటాడే రహస్య విభాగంలో పనిచేస్తాడు. పిల్లల లెక్కలో మాత్రం ఫైళ్లు తిరగేసే సర్కారు ఉద్యోగి. అంతకుముందే అమెరికాలో 2013 నుంచి 2018 దాకా నడిచిన ‘ది అమెరికన్స్’లో ఒక సోవియట్ గూఢచారి జంట వాషింగ్టన్ శివారులో ట్రావెల్ ఏజెన్సీ నడుపుతూ, కన్నబిడ్డల దగ్గర కూడా తమ అసలు పేర్లు దాచిపెడుతుంది. ఈ కథలన్నిటి అడుగునా ఉన్న వాదన ఒకటే. ఇంట్లోవాళ్లను మోసం చేయడం ఆ మనిషి చేస్తున్న త్యాగమట. కాబట్టి మనం జాలిపడాల్సింది మోసపోయినవాళ్ల మీద కాదు, మోసం చేసి చేసి అలసిపోయినవాడి మీదట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా పడితే పడినట్టు, కురిసే అనంతపురం నుంచి చూస్తే ఈ వాదన ఎంత డొల్లో ఇట్టే తెలిసిపోతుంది. రెండు బతుకులు బతికే మొగవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. లేనిదల్లా నేపథ్య సంగీతమే.

సంసారి వేషంలో వేగును నిలబెట్టడం ఓటీటీ కనిపెట్టిన విద్యేం కాదు. అర్థశాస్త్రం మొదటి అధికరణంలోనే కౌటిల్యుడు వేగుల జాబితా రాసిపెట్టాడు. అందులో దొంగ సన్యాసి ఉన్నాడు, దొంగ వర్తకుడు ఉన్నాడు, ‘గృహపతిక’ అనే సంసారి వేషధారీ ఉన్నాడు. ఆ కొలువుకు అడిగిన అర్హతలు చిత్రంగా ఉంటాయి. అభ్యర్థి బతుకుతెరువు పోయిన రైతై ఉండాలి, తెలివి ఉండాలి, నడవడి శుభ్రంగా ఉండాలి. ఈ నోటిఫికేషన్ ఇవాళ ఇస్తే రాయదుర్గం నుంచి మడకశిర దాకా ఉమ్మడి అనంతపురం జిల్లాలో వచ్చే దరఖాస్తులు తీసుకోవడానికి కలెక్టరేటు చాలదు. మొదటి అర్హత విషయంలో ఇక్కడ పోటీ మరీ ఎక్కువ. ఒక్క తేడా ఉంది. కౌటిల్యుడు తన సంసారి వేగుకు ముందు సాగు భూమి చూపించి, ఆ తర్వాతే పని చెప్పమన్నాడు. అంటే అబద్ధమాడటానికి ఆ మనిషికి కాళ్లకింద ఒక ఆధారం ఇచ్చాడు. మన దగ్గర భూమి ఉంటుంది, ఆధారమే ఉండదు.

పదును కుదిరితే జూన్, జూలైలో శెనక్కాయ విత్తుతారు. తీరా ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తుంది. రైతు రెండో బతుకు అక్కణ్నుంచి మొదలు. బ్యాంకు అప్పు రెన్యువల్ అయిందని ఇంట్లో చెబుతాడు. అయ్యింది నిజానికి వడ్డీవ్యాపారి దగ్గర ప్రాంసరీ నోటు. నగలు బ్యాంకులో భద్రంగా ఉన్నాయంటాడు. అందులో అబద్ధం లేదు, కుదువలో ఉన్న నగ కంటే భద్రమైనది ఏముంటుంది? బెంగళూరులో సూపర్‌వైజర్‌నని ఊళ్లో చెప్పినవాడు అక్కడ అపార్టుమెంటు గేటు దగ్గర రాత్రి కాపలా కాస్తుంటాడు. కల్పిత ఉద్యోగం, దాచిన కాగితాలు, అప్పులవాళ్ల ఫోన్లు ఎత్తడానికి వీధి చివరకు నడవడం, అన్నీ గూఢచారి లక్షణాలే. నిఘా నిపుణుడికి కూడా లోటు లేదు, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని చేనంతా తిరిగి భూగర్భ రహస్యాలు చెప్పే బోరు పాయింటు మనిషి ఉండనే ఉన్నాడు. అయితే ఈ గుట్టు బయటపడ్డ రోజున ఊరు అతనికి పతకం ఇవ్వదు. పెళ్లాంబిడ్డలకు ఒక్క మాట చెప్పకుండా కొంప ముంచాడంటుంది. కాబట్టి అసలైన వీరుడు రైతేనని ఇక్కడ చప్పట్లు కొట్టించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఊరు చెప్పిన తీర్పు సరైనదే. అన్యాయమల్లా జీతం, పింఛను ఉన్న అబద్ధాలకోరుకు ఆ తీర్పు నుంచి మినహాయింపు ఇవ్వడం.

మినహాయింపు ఎలా ఇస్తారో కథలోనే సాక్ష్యం ఉంది. మొదటి సీజన్‌లో శ్రీకాంత్ భార్య సుచిత్ర, సహోద్యోగి అరవింద్‌తో కలిసి లోనావలాలో ఒక రాత్రి ఆగిపోవాల్సి వస్తుంది. అక్కడ ఏం జరిగిందో దర్శకులు చూపించలేదు. ఇక అక్కణ్నుంచి దేశమంతా ఒకటే ప్రశ్న: లోనావలాలో ఏం జరిగింది? రెండో సీజన్ వచ్చేదాకా మీమ్‌ల మీద మీమ్‌లు. పది ఎపిసోడ్ల పొడుగునా మొగుడు ఏ రాత్రి ఎక్కడున్నాడో, ఎందుకు రాలేదో చెప్పకపోతే అది వృత్తిధర్మం. భార్య ఒక్క రాత్రి గురించి చెప్పకపోతే అది జాతీయ దర్యాప్తు. రెండో సీజన్‌లో ఇంకా ముచ్చటైన ముక్క ఉంది. కూతురు ధృతిని ఒక కుర్రాడు దొంగ పేరుతో ప్రేమలోకి దించి, ఉగ్రవాదుల చేతికి అప్పగిస్తాడు. మారుపేరు పెట్టుకుని, నమ్మకం సంపాదించి, అసలు పని దాచిపెట్టడం ఆ కుర్రాడి పద్ధతి. ఆ పిల్ల నాన్న ఉద్యోగంలో నేర్చుకున్నదీ అదే పద్ధతి. గురి వేరని ఎవరైనా అనవచ్చు, ఒప్పుకుందాం. కానీ ఇంట్లో ఎప్పుడూ పూర్తి నిజం వినకుండా పెరిగిన పిల్లకు బయటి అబద్ధం ఎలా ఉంటుందో ఎక్కడ తెలుస్తుంది? ఆ ప్రశ్న అడిగితే కథ తలకిందులవుతుంది. అందుకే తుపాకులు తెచ్చి దాన్ని దాటించేశారు.

కథల్ని పక్కనపెట్టి నిజంగా జరిగినవి చూసినా లెక్క ఇలాగే తేలుతుంది. ‘ది అమెరికన్స్’కు ప్రేరణ 2010 జూన్‌లో అమెరికాలో పట్టుబడ్డ పదిమంది రష్యా గూఢచారులు. వాళ్లలో ఒక జంట కెనడావాళ్లుగా చెలామణీ అవుతూ ఇద్దరు కొడుకులను పెంచింది. తల్లిదండ్రులు అరెస్టయ్యాక కెనడా ఆ పిల్లల పౌరసత్వాన్ని గుర్తించబోనంది. చిన్నవాడు దాన్ని తిరిగి దక్కించుకోవడానికి 2019 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు దాకా పోరాడాల్సి వచ్చింది. 2024 ఆగస్టు 1న జరిగిన ఖైదీల మార్పిడిలో స్లొవేనియా నుంచి మరో జంట మాస్కో చేరింది. అర్జెంటీనావాళ్లమని చెప్పుకుంటూ బతికిన ఆ దంపతుల పిల్లలకు తాము రష్యన్లమని విమానంలోనే తెలిసిందని క్రెమ్లిన్ స్వయంగా ప్రకటించింది. వాళ్లకు రష్యన్ భాష రాదు కనక పుతిన్ స్పానిష్‌లో పలకరించారు. ఇదంతా ఆ తల్లిదండ్రులు వృత్తి కోసం చేసిన త్యాగమని క్రెమ్లిన్ ప్రతినిధి మెచ్చుకున్నారు. దేశం పోయింది పిల్లలది, పేరు పోయింది పిల్లలది, భాష పోయింది పిల్లలది, త్యాగం ఖాతా మాత్రం పెద్దలది. బ్రిటన్‌లో ఉద్యమకారుల గుంపుల్లోకి చొరబడ్డ పోలీసులు అక్కడి ఆడవాళ్లతో ఏళ్ల తరబడి కాపురాలు చేశారు, కొందరు పిల్లల్నీ కన్నారు. అలా బిడ్డను కన్న ఒక తల్లికి 2014లో లండన్ పోలీసులు 4,25,000 పౌండ్లు చెల్లించుకున్నారు. మరుసటి ఏడాది నవంబరులో ఏడుగురు ఆడవాళ్లకు బహిరంగంగా క్షమాపణ చెబుతూ, ఆ సంబంధాలు మోసమేనని ఒప్పుకున్నారు. ఏ ఓటీటీ దర్శకుడినీ సలహా అడగకపోబట్టి గాని, లేకపోతే దాన్నీ త్యాగమనే అనేవారు.

దేశరక్షణలో గోప్యత లేకుండా ఎలా కుదురుతుందని కోప్పడేవాళ్లు ఉంటారు. న్యాయమైన మాటే. రేపు ఏ ఇంటి మీద దాడి చేయబోతున్నారో భోజనాల దగ్గర చెప్పమని ఎవరూ అడగడం లేదు. చెప్పకూడనిది చెప్పకపోవడం వేరు, లేనిది ఉన్నట్టు కల్పించి ఇంటిల్లిపాదినీ అందులో కాపురం పెట్టించడం వేరు. నా ఉద్యోగంలో కొన్ని విషయాలు చెప్పలేను అని ముందే తెలిస్తే ఆ మనిషితో బతకాలో వద్దో భార్య తేల్చుకోగలదు. కల్పిత కథ చెబితే తేల్చుకునే అవకాశమే పోతుంది. మొదటిదాన్ని క్రమశిక్షణ అంటే ఒప్పుకోవచ్చు. ఈ సీరియళ్లు అమ్మేది మాత్రం రెండోదాన్ని, మొదటిదాని లేబులు అతికించి.

ఆ ఇంట్లోవాళ్ల బాధ కూడా చూపిస్తున్నారు కదా, భార్య నిలదీస్తుంది కదా, దంపతులు కౌన్సెలింగ్‌కు కూడా వెళతారు కదా అని ఇంకొందరంటారు. చూపిస్తారు, నిజమే. అయితే ఆమె బాధ అతని దారికి అడ్డొచ్చిన రాయిలాగే కనిపిస్తుంది. ఆమె అలిగితే అతనికి ఇంటిపోరు, అతను గాయపడితే దేశానికి నష్టం. పోనీ గూఢచారి వేషం ఆడదానికి ఇస్తే సరిపోతుందా అంటే, 2024 నవంబరులో ఇదే దర్శకులు సమంతతో ‘సిటడెల్: హనీ బన్నీ’ తీసి ఆ ముచ్చటా తీర్చారు. అబద్ధం తండ్రి నుంచి తల్లికి మారింది. దాన్ని మోసే కూతురు నాడియా మాత్రం అలాగే ఉంది. పురుషాధిక్యం మీద ఫిర్యాదు తీరింది, పిల్లల ఫిర్యాదు ఇంకా క్యూలోనే ఉంది.

దాచిన అబద్ధం చివరికి ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలుసుకోవడానికి మాస్కో దాకా పోనక్కర్లేదు. రైతు ఆత్మహత్యలకు పరిహారంగా 2004లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 421 నంబరు జీవో ఇచ్చింది. ఒక్కో కుటుంబానికి అప్పట్లో లక్షన్నర రూపాయలు. అది రావాలంటే ఆర్డీవో, పోలీసు అధికారి, వ్యవసాయ అధికారి ఉన్న కమిటీ ముందు అది అప్పుల చావేనని తేలాలి. బతికున్నంత కాలం ఎవరి దగ్గర ఎంత తెచ్చాడో మొగుడు చెప్పని ఆ అప్పులకు, అతను పోయాక కాగితాలతో రుజువులు తెమ్మని భార్యనే అడుగుతారు. నోటు అప్పిచ్చినవాడి ఇనప్పెట్టెలో ఉంటుంది. అతను దాన్ని పరిహారం కోసం చూపించడు, వసూలు కోసం చూపిస్తాడు. తనకు తెలియనివ్వని రహస్యానికి తానే సాక్షి కావడం కంటే పెద్ద శిక్ష ఏ గూఢచారి కథలోనూ లేదు.

ఇంత జరిగాక, కష్టాలు ఇంట్లో చెబితే వాళ్లు తట్టుకోలేరని, అందుకే దాస్తారని సమర్థించేవాళ్లు ఆ ఇంట్లోనే ఉన్న రెండో అప్పును చూడాలి. అది భార్య పొదుపు సంఘంలో తీసుకున్నది. ఎంత తీసుకుంది, దేనికి తీసుకుంది, ఎన్ని కంతులు కట్టింది, ఏది తప్పింది అన్నీ సమావేశంలో చదువుతారు, పుస్తకంలో రాస్తారు, పదిమంది ఆడవాళ్ల చేత సంతకాలు పెట్టిస్తారు. అదే చూరు కింద, అదే కరువులో, అదే శెనక్కాయ మీద ఆధారపడి ఆమె అప్పు ఊరందరికీ తెలుసు, అతని అప్పు దేవుడికే తెలుసు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది ఇదే జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ జాబ్ కార్డు మీద కూడా ఇంట్లో పనిచేసే పెద్దవాళ్లందరి పేర్లూ ఉంటాయి. పని దినాలు ఇంటిల్లిపాదివి, పొదుపు అప్పు పదిమందికి తెలిసినది, ఒక్క మొగవాడి అప్పు కాగితమే అత్యంత రహస్య పత్రం. కాబట్టి దాపరికం పేదరికం వల్లా రాలేదు, ప్రేమ వల్లా రాలేదు. ఇంట్లో ప్రశ్న అడిగే అధికారం ఎవరికి లేదో వాళ్ల దగ్గరే దాస్తారు. గూఢచారి సీరియల్ ఆ అలవాటుకు త్రివర్ణ పతాకం కప్పి, దండ వేసి, చందా కట్టించుకుని చూపిస్తోంది. తివారీ తర్వాతి సీజన్లలో ఏం దాచుకుంటాడో ఆయన ఇష్టం. అనంతపురంలో మాత్రం ప్రాంసరీ నోటు మీద సంతకం పెట్టేముందు దాన్ని భార్య చేతికిచ్చి చదివించవచ్చు. దేశభద్రతకు దానివల్ల వచ్చే ముప్పేమీ లేదు.