384 మంది భుజాల మీద డాక్టరేటు

సంస్థను నడిపేవారు చేయవలసిన పనులను లూథర్ గులిక్ అనే అమెరికా పరిపాలనా శాస్త్రవేత్త 1937లో ఏడుగా విభజించి, వాటిలో ప్రణాళికకు మొదటి స్థానం ఇచ్చాడు. ఏ పని చేయాలో, ఏ వరసలో చేయాలో ముందే నిర్ణయించుకోవడం ప్రణాళిక అని ఎంబీఏ మొదటి సెమిస్టరు విద్యార్థి కూడా నిద్రలో చెప్పగలడు. ఆ శాస్త్రంలోనే అత్యున్నత పట్టా కోరేవారు మాత్రం, తమ చదువు దగ్గరకు వచ్చేసరికి గులిక్‌ను గౌరవంగా పక్కన కూర్చోబెట్టి, చివర చేయవలసినది మొదట చేసి, మొదట చేయవలసినది వీలైతే చేసే ఒక విధానాన్ని రూపొందించుకున్నారు. ఇంకా పాఠ్యగ్రంథాలకు ఎక్కని ఈ విధానానికి ఉత్తరాంధ్రలో మంచి ఆదరణ ఉంది. విశాఖపట్నానికీ విజయనగరానికీ మధ్య నిలిచి, రెండు వైపుల కళాశాలలకూ అధ్యాపకులను పొద్దున్నే రైలెక్కించి పంపే కొత్తవలస దాన్ని పరిశీలించడానికి అనువైన చోటు.

ఈ విధానం దేన్ని తలకిందులు చేస్తున్నదో ముందుగా వివరించాలి. పీహెచ్‌డీలో చేరినవారు పరిశోధనకు దిగే ముందు తరగతిలో కూర్చుని చదివి, పరీక్ష రాసి గట్టెక్కవలసిన పాఠ్యభాగాన్ని కోర్స్ వర్క్ అంటారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2009 నిబంధనలతో దీన్ని తప్పనిసరి చేసింది. 2022 నిబంధనల ప్రకారం అది కనీసం 12 క్రెడిట్లు ఉండాలి, అందులో కనీసం 55 శాతం మార్కులు రావాలి. క్రెడిట్ అంటే చదువును గంటల్లో కొలిచే కొలమానం. పదిహేను గంటల పాఠానికి ఒక క్రెడిట్ చొప్పున మొత్తం 180 గంటలవుతుంది. పీహెచ్‌డీకి కనీస గడువు మూడేళ్లు, గరిష్ఠ గడువు ఆరేళ్లు కాగా, కోర్స్ వర్క్ వారానికి ఆరు గంటల లెక్కన ముప్పై వారాల్లో పూర్తవుతుంది. ఇంత కొద్దిపాటి కాలంలో పరిశోధకుడికి ప్రశ్న అడగడం నేర్పాలన్నది నిబంధన ఉద్దేశం కాగా, స్కాలర్ల వాడుకలో దానికి స్థిరపడిన పేరు ఫార్మాలిటీ.

తలకిందుల ప్రణాళికలో మొదటి అంచె టాపిక్. ప్రవేశ పరీక్ష అయిన ఆర్‌సెట్ రాయకముందే టాపిక్ సిద్ధంగా ఉంటుంది. దానికి రెండు భాగాలు. మొదటి భాగంలో ఉద్యోగుల సంతృప్తి, ఉద్యోగుల ఒత్తిడి, ఖాతాదారుల సంతృప్తి, స్వయం సహాయక సంఘాల సాధికారత అనే నాలుగింటిలో ఏదో ఒకటి ఉంటుంది. రెండో భాగంలో 'విత్ స్పెషల్ రిఫరెన్స్ టు' అనే మంత్రాక్షరాల వెనుక ఒక జిల్లా పేరు ఉంటుంది. మొదటి భాగాన్ని ముట్టుకోకుండా జిల్లాను మార్చితే కొత్త పరిశోధన అవుతుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 కావడం పరిపాలనా సౌలభ్యం కోసమేనని ప్రభుత్వం చెప్పినా, దానివల్ల మేనేజ్‌మెంట్ పరిశోధనకు కలిగిన రెట్టింపు మేలును ఎవరూ గుర్తించకపోవడం విచారకరం. ఏ ప్రశ్న అడగదగినదో నేర్పే కోర్స్ వర్క్ ఇంకా మొదలు కాకముందే ప్రశ్న ఖాయం కావడం, తాళి కట్టిన తరువాత జాతకాలు పట్టుకుని సిద్ధాంతి దగ్గరకు వెళ్లడం వంటిది. సిద్ధాంతి సైతం సందర్భం గ్రహించి, అన్నీ కుదిరాయనే చెబుతాడు.

రెండో అంచె నమూనా. అందరినీ అడగలేనప్పుడు కొందరిని ఎంచుకుని అడగడాన్ని నమూనా సేకరణ అంటారు. ఎంతమందిని ఎంచుకోవాలో తెలిపే పట్టికను క్రేజ్‌సీ, మోర్గాన్ అనే ఇద్దరు 1970లో ప్రచురించారు. పది లక్షల జనాభాకు 384 మంది చాలునన్నది ఆ పట్టిక చివరి వరస. అయిదు వందల మంది పనిచేసే మిల్లుకు 217 మంది సరిపోతారని అదే పట్టికలో పైవరసల్లో ఉన్నా, అక్కడిదాకా చూపు సాగదు కనుక, బ్యాంకు శాఖ అయినా జనపనార మిల్లు అయినా లెక్క 384 దగ్గరే తేలుతుంది. ఆ అంకె చెల్లాలంటే జనాభాలో ప్రతి ఒక్కరికీ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలన్న షరతు ఒకటి ఉంది. ఎంబీఏ రెండో సంవత్సరం తరగతికి ప్రశ్నావళులు పంచి, నాలుగు రంగుల పెన్నులతో ఒక మధ్యాహ్నంలో నింపించినప్పుడు, ఆ గదిలో కూర్చున్న అందరికీ అవకాశం సమానంగానే దక్కింది కనుక షరతు నెరవేరినట్లే భావిస్తారు. రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించిన అయిదు మెట్ల కొలబద్ద మీద, 'పూర్తిగా అంగీకరిస్తాను' నుంచి 'పూర్తిగా విభేదిస్తాను' వరకు, ఎక్కడో ఒకచోట టిక్కు పడుతుంది. జవాబుల పొందికను కొలిచే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటితే కొలబద్ద నమ్మదగినదని సంప్రదాయం. ఒకే గది ఒకే మధ్యాహ్నంలో అన్ని ప్రశ్నావళులూ నింపినప్పుడు పొందికకు లోటుండదని క్రోన్‌బాక్ 1951లో ఊహించి ఉండడు.

కోర్స్ వర్క్ ఈ రెండు అంచెల తరువాత, సీనియర్ ఇచ్చిన జిరాక్స్ నోట్స్ రూపంలో ప్రవేశిస్తుంది. పరిశోధన, ప్రచురణల నైతికత అనే రెండు క్రెడిట్ల పేపరు ఇందులో తప్పనిసరి. ఇతరుల రాతను తనదిగా చూపడం తప్పని బోధించే ఆ పేపరుకు, తరతరాలుగా చేతులు మారిన ఒకే జవాబును అక్షరం పొల్లుపోకుండా రాయడంలో ఎవరికీ వైరుధ్యం తోచదు. యూజీసీ 2018 నిబంధనలు పది శాతం లోపు పోలికను శిక్షించకుండా విడిచిపెట్టాయి. దీన్ని కొందరు మినహాయింపుగా కాక కోటాగా అర్థం చేసుకుని, వాడుకోకపోతే మురిగిపోతుందన్న జాగ్రత్తతో తొమ్మిది శాతం దాకా నింపుతారు.

తప్పంతా స్కాలర్ మీదనే వేస్తే శాస్త్రీయ దృష్టి లోపించినట్లవుతుంది. పార్ట్ టైం పీహెచ్‌డీ చేసే ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు పాఠాలు చెప్పి, పేపర్లు దిద్ది, వేసవిలో ఊరూరా తిరిగి అడ్మిషన్లు తేవాలి. డాక్టరేట్ లేదని అతని జీతం పెంచని యాజమాన్యమే, డాక్టరేట్ కోసం సెలవు అడిగితే ముఖం తిప్పుకుంటుంది. ప్రొఫెసర్ హోదాలోని గైడ్ ఒకేసారి ఎనిమిది మందిని నడిపించవచ్చు కనుక, ఒక్కొక్కరి ప్రశ్నతో ఒక్కొక్క సాయంత్రం గడిపే తీరిక ఆయనకూ ఉండదు. ఎవరి తొందర వారికి ఉన్నచోట, అందరి సమ్మతితో సులువుగా తగ్గించగలిగినవి ఆ 180 గంటలే.

మేనేజ్‌మెంట్ పరిశోధన ఎప్పుడూ ఇలాగే లేదు. అమెరికాలో ఫోర్డ్ ఫౌండేషన్ పూనికతో 1959లో వచ్చిన గోర్డన్–హోవెల్ నివేదిక, వ్యాపార విద్యాలయాలు వృత్తి శిక్షణకే పరిమితమై పరిశోధనలో బలహీనంగా ఉన్నాయని తేల్చిన తరువాత, డాక్టరేట్ చదువులోకి అర్థశాస్త్రం, గణాంకశాస్త్రం, మనస్తత్వశాస్త్రం గట్టిగా ప్రవేశించాయి. ఐఐఎంలలోనూ దాదాపు మొదటి రెండేళ్లు కోర్స్ వర్క్‌కే పోతాయి. ఆపైన కాంప్రిహెన్సివ్ అనే సమగ్ర పరీక్ష దాటితేనే పరిశోధనాంశం ఖరారవుతుంది. 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయమూ, 2015లో ఏర్పడి ఇప్పుడు గంభీరంలో సొంత ప్రాంగణమున్న ఐఐఎం విశాఖపట్నమూ కొత్తవలసకు దూరమేమీ కావు. చదువు అందుబాటులో లేదన్న సాకు ఇక్కడ చెల్లదు.

ప్రశ్నలకూ కరువు లేదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడం కోసం 1960లలో వేసిన కేకే లైను అనే రైలు మార్గం కొత్తవలసలోనే ప్రధాన మార్గం నుంచి చీలుతుంది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం వాల్తేరు రైల్వే డివిజన్‌ను రెండుగా చేసి, ఒక భాగాన్ని విశాఖపట్నం డివిజన్‌గా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌లో ఉంచి, కొత్తవలస–బచేలి మార్గం ఉన్న రెండో భాగాన్ని రాయగడ డివిజన్‌గా తూర్పు కోస్తా రైల్వేకు ఇచ్చింది. పర్యవసానంగా ఖనిజం ఒక జోన్ పట్టాల మీద కొండ దిగి, మరో జోన్ రేవుకు చేరుతుంది. పరస్పరం గట్టిగా ఆధారపడే విభాగాలను ఒకే గొడుగు కింద ఉంచితే సమన్వయ భారం తగ్గుతుందని సంస్థా సిద్ధాంతకర్త జేమ్స్ థాంప్సన్ 1967లో వాదించాడు. ఆయన మాట కొత్తవలస జంక్షన్‌లో నిలుస్తుందా, వ్యాగన్లూ సిబ్బందీ రాబడీ జోన్ల మధ్య గీత దగ్గర ఎలా చేతులు మారతాయి అన్నది ఏ దేశపు పత్రికైనా చదవదలిచే ప్రశ్న. అయితే థాంప్సన్ పేరు తెలియాలంటే సంస్థా సిద్ధాంతం అనే పేపరును జిరాక్సుకు వెలుపల చదివి ఉండాలి. చదవనివారు అదే జంక్షన్‌లో రైలు దిగి, రైల్వే ఉద్యోగుల సంతృప్తి మీద 384 ప్రశ్నావళులు పంచుతారు.

ఆ విధంగా తయారైన సిద్ధాంత గ్రంథం, జీతం ఎక్కువున్నవారికి సంతృప్తి కూడా ఎక్కువగా ఉందన్న ఆవిష్కరణను అయిదో అధ్యాయంలో పట్టికలతో నిరూపించి, చివరి అధ్యాయంలో సూచనలకు దిగుతుంది. యాజమాన్యం ఏదైనా, జిల్లా ఏదైనా, సూచనల్లో మొదటిది మారదు: ఉద్యోగిని పనిలోకి దించే ముందే తగిన కాలం కేటాయించి, నిపుణుల చేత సమగ్రమైన శిక్షణ ఇప్పించాలి, దాన్ని ఫార్మాలిటీగా చూడరాదు. వైవా అనే మౌఖిక పరీక్షకు వచ్చిన పెద్దలందరూ ఈ సూచనను ముక్తకంఠంతో మెచ్చుకుని, శాలువా కప్పి, డాక్టరేట్ సిఫారసు చేస్తారు.