మైలేజీ

మస్టాంగే కొనాలని నిశ్చయించుకున్నాక కూడా నాలుగు నెలలు ఊగిసలాడాను. కారు మీద సందేహం లేదు, ఇంజను దగ్గరే పేచీ. 2018 మోడల్లో నేను చూసినవి రెండు రకాలు. ఒకటి 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో. పేరు ఎకోబూస్ట్, శక్తి 310 హార్స్‌పవర్. రెండోది 5 లీటర్ల వీ8, 460 హార్స్‌పవర్. ఆటోమేటిక్ గేర్లతో తీసుకుంటే, అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం మొదటిది గ్యాలన్‌కు 25 మైళ్లిస్తుంది, రెండోది 19. మన లెక్కలో లీటరుకు ఒకటి పదిన్నర కిలోమీటర్లు, ఇంకోటి ఎనిమిది.

స్పోర్ట్స్ కారు కొనేవాడికి మైలేజీ లెక్కలేమిటని మీకు నవ్వు రావచ్చు. ఏం చేయను, మాది బస్సు డ్రైవరు ఇల్లు. నేను ఏబీసీడీలు రాకముందే కేఎంపీఎల్ అనే మాట నేర్చుకున్నాను. లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందనే లెక్క అది. డిపోలో డ్రైవర్ల పేర్లు ఆ వరసలోనే బోర్డు మీద రాసేవారు. నాన్న పేరు ఎప్పుడూ పైనే. ఓ ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక డిపో మేనేజరు చేతుల మీదుగా అందుకున్న గోడ గడియారం మా ఇంటి ముందుగదిలో ఇప్పటికీ ఉంది. దానికి దుమ్ము తుడవడం, సెల్లు మార్చడం అన్నీ నాన్నే. ఇంట్లో మిగతా సామానంతా అద్దంలా పెట్టుకునే అమ్మ దాని జోలికి పోదు. ఆయన సొత్తని గౌరవం కాబోలనుకునేవాణ్ణి.

సరే, ఎక్సెల్ తెరిచాను. ఏడాదికి 12,000 మైళ్లు తిరుగుతాననుకుంటే చిన్న ఇంజనుకు 480 గ్యాలన్లు, పెద్దదానికి సుమారు 630. గ్యాలన్ రెండున్నర డాలర్లనుకుంటే తేడా నెలకు ముప్పై డాలర్ల పైచిలుకు. ఆరు మైళ్లంటే గుండె గుభేలుమంది గానీ ఇంతేనా అనిపించింది. కారు అద్దానికి అంటించే కాగితం మీద ఈ సంగతి చిన్న అక్షరాల్లో వేస్తారు. వంద మైళ్లకు ఒకటి 4 గ్యాలన్లు తాగుతుంది, ఇంకోటి 5.3. గ్యాలన్‌కు ఎన్ని మైళ్లు అని చూసినప్పుడు ఉన్న భయం, మైళ్లకు ఎన్ని గ్యాలన్లు అని తిరగేసి చూస్తే ఉండదు. మేముండే ఫ్రిస్కోలో శనివారం బిర్యానీకి పెట్టేది ఇంతకంటే ఎక్కువ. రెండు కార్ల ధరల్లో దాదాపు పదివేల డాలర్ల తేడా ఉండేది, నిజమే. ఆ కాలమ్‌ను హైడ్ చేసి పెట్టుకున్నాను.

ఇంతలో అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు. ఇక తీర్పు నాన్నకే వదిలేద్దామని ఇద్దర్నీ షోరూముకు తీసుకెళ్లాను. సేల్స్‌మన్ నా లైసెన్సు కాపీ తీసుకుని తాళం చేతికిచ్చాడు. నాన్న ముందు కూర్చున్నాడు. మస్టాంగ్ వెనకసీటు మనుషుల కోసం చేసింది కాదు. అమ్మ చీర కుచ్చెళ్లు దగ్గరికి లాక్కుని, మోకాళ్లు ముడుచుకుని అందులో ఇరుక్కుంది. ఆవిడ అభిప్రాయం ఎవరూ అడగలేదు.

మొదట ఎకోబూస్ట్. కాస్త తొక్కగానే గుర్రుమంది. నాన్న చెవి డోరు దగ్గర పెట్టి, ‘‘ఇంజను ముందుంటే చప్పుడు ఇక్కణ్ణుంచి వస్తోందేమిట్రా?’’ అన్నాడు. స్పీకర్లలోంచి కూడా ఇంజను మోత వినిపిస్తారని చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: ‘‘టర్బో సంగతి నాకు తెలుసు. మెల్లగా పోతే చిన్న ఇంజనే, చిన్న ఖర్చే. తొక్కితే గాలి ఎక్కువ కూరుతుంది, దానికి తగ్గట్టు పెట్రోలూ పొయ్యాలి. నువ్వు తొక్కకుండా ఉంటావా?’’

ఉండను.

‘‘మైలేజీ ఇంజన్లో ఉండదురా, కాల్లో ఉంటుంది. ఆగిన బండిని కదిలించేటప్పుడే డీజిలంతా పోయేది. ఫస్టు, సెకండు గేర్లలో తాగినట్టు టాపులో తాగదు. ఒకసారి పరుగందుకున్న బండిని ఆగకుండా లాక్కుపోవాలి. అంతే కిటుకు.’’

తర్వాత వీ8. దీని మోతకు నాన్న ముఖం వికసించింది. పది గేర్లని చెబితే వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఒక వీధి మలుపు తిరిగేసరికి ముందు పసుపుపచ్చ స్కూలు బస్సు ఆగింది. ఎర్రదీపాలు వెలిగి, పక్క నుంచి స్టాప్ అని రాసిన చెయ్యి బయటికి చాచుకుంది. అటూ ఇటూ కార్లన్నీ నిలబడిపోయాయి. ఒకే ఒక్క పిల్లాడు దిగాడు. వాళ్లమ్మ ఎదురొచ్చి బ్యాగు అందుకుంది.

‘‘అడుగడుక్కీ ఇలా ఆపుకుంటూ పోతే వీడికి కేఎంపీఎల్ ఏం వస్తుంది?’’ అన్నాడు నాన్న.

‘‘మీకైతే బాగానే వచ్చింది కదండీ,’’ అంది అమ్మ వెనక నుంచి.

మెచ్చుకోలనుకుని నాన్న నవ్వాడు.

‘‘వీడికప్పుడు మూడో ఏడు. జ్వరంతో ఒళ్లు కాలిపోతోంది. ఆసుపత్రికి పోదామని భుజానేసుకుని మన స్టేజీలో నిలబడ్డాను. చెయ్యెత్తిన చోట బస్సు ఆపబడును అని రాసుకుంటారుగా. మలుపులోనే మీ బండని గుర్తుపట్టి చెయ్యెత్తాను. లైటు కొట్టి మరీ పోయారు.’’

నాన్న సీటుబెల్టు లాక్కుంటూ వెనక్కి తిరిగాడు. ‘‘నేనా? నువ్వు కనపడి ఉంటే ఆపనా?’’

‘‘కనపడ్డానండీ. ఎవరో ఆడమనిషి, పిల్లాణ్ణెత్తుకుని నిలబడింది అనుకుని ఉంటారు.’’

స్కూలు బస్సు చెయ్యి మడుచుకుని కదిలింది. నేను బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. ఐదు లీటర్ల ఇంజను నిలబడ్డ చోటే తాగుతోంది.

‘‘ఇన్నేళ్లూ చెప్పలేదేమే?’’

‘‘చెబుదామనే ఉన్నాను. ఆ మరుసటి నెలేగా మీరు గడియారం తెచ్చింది. మేకు కొడతాను, స్టూలు పట్టుకోమన్నారు.’’