‘చేసి చూపిస్తాను’ – టీకా తాత్పర్య సహితం

మూలం: “ఇదిగో, మీ కళ్ళ ముందే చేసి చూపిస్తాను.”

అవతారిక: కొత్త వస్తువు కనిపెట్టినవాడు వేదికెక్కి సభతో పలికే వాక్యమిది. దేశకాలాలు మారినా వాక్యం మారలేదు. పూర్వ వ్యాఖ్యాతలు దీని జోలికి రాలేదు గనుక ఈ సాహసం.

ప్రతిపదార్థం: ఇదిగో = జేబులోనో బల్ల మీదో సిద్ధంగా ఉన్న ఈ వస్తువును; మీ కళ్ళ ముందే = వీడియో తీసి, చెడిన ముక్కలు కత్తిరించి కాక, ఇప్పుడే ఇక్కడే; చేసి = సేల్స్ కుర్రాడి చేత కాక, తన చేత్తో పనిచేయించి; చూపిస్తాను = దేవుడి దయ ఉంటే చూపించగలను. (చివరి అర్థం నిఘంటువుల్లో దొరకదు. వక్త నుదుటి చెమటను బట్టి గ్రహించాలి.)

తాత్పర్యం: 1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనశాలలో ఎలిషా ఓటిస్ అనే ఆవిష్కర్త లిఫ్టు పలక మీద నిలబడి, జనం తలల కంటే ఎత్తుకు లేచాడు. అక్కడ ఆగి, పలకను మోస్తున్న తాడును తెగనరకమన్నాడు. నరికారు. పలక కాస్త జారి, టక్కున ఆగింది. తాడు బిగువు పోగానే పైనున్న స్ప్రింగు సాగి, దాని కొసలు రెండు పక్కలా ఉన్న పళ్ళ పట్టాల్లో దిగబడే ఏర్పాటు అది. ఇదే సంగతి కరపత్రం వేసి పంచితే చదివే నాథుడుండడు. తన ప్రాణాన్నే పూచీ పెట్టాడు కాబట్టి చూశారు. 1857కల్లా అదే ఊళ్ళో, హౌవౌట్ దుకాణంలో జనం ఎక్కే లిఫ్టు నడిచింది.

రసనిర్ణయం: వక్తకు భయానకం, సభకు అద్భుతం, పోటీ కంపెనీకి హాస్యం. అవధానంలోనూ అంతే: పద్యం ఎంత బాగున్నా, పృచ్ఛకుడు ఎక్కడ పడగొడతాడోనన్న ఉత్కంఠ లేకపోతే సగం హాలు ఖాళీ.

పూర్వపక్షం: ఇదంతా ముందే వల్లెవేసిన నాటకం కాదా?

సమాధానం: కొంత నిజమే. 2007 జనవరి 9న స్టీవ్ జాబ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐఫోన్ చూపేనాటికి ఆ ఫోను పూర్తి కాలేదు. ఏ పని తర్వాత ఏది చేస్తే మొరాయించదో ముందే వరస కట్టుకున్నారని ఆ బృందంలోని ఇంజనీరే తర్వాత చెప్పాడు. అయినా వల్లెవేత అన్నివేళలా కాపాడదు. 2010లో ఐఫోన్ 4 చూపుతుంటే హాల్లో వైఫై కిక్కిరిసి పేజీ తెరుచుకోలేదు. మీ వైఫైలు ఆపండని జాబ్సే సభను అడుక్కోవాల్సి వచ్చింది. 1998లో విండోస్ 98 ప్రదర్శనలో స్కానరు తగిలించగానే కంప్యూటరు మొరాయించి తెర నీలంగా మారింది. పక్కనే ఉన్న బిల్ గేట్స్, ఇంకా అమ్మకానికి పెట్టనిది ఇందుకే కాబోలని సర్దుకున్నాడు. సభ పగలబడి నవ్వింది, చప్పట్లు కూడా కొట్టింది.

విశేషాంశం: కోవిడ్ వచ్చిన 2020 నుంచి ఆపిల్ తన ఆవిష్కరణలను ముందే చిత్రించి చూపుతోంది. అవి చూడముచ్చటగా ఉంటాయి, ఎక్కడా తడబడవు. మూలంలోని ‘మీ కళ్ళ ముందే’ వాటికి అన్వయించదు, అవి ప్రకటనలు. ఈ టీక వాటికి వర్తించదు.