లక్కీ తాబేలు: టీకా తాత్పర్య సహితము

మూలము: లక్కీ తాబేలు. గింతే ఉంటది, పెద్దగ కాదు. మెయింటెనెన్స్ లేదు. వాపస్ తీసుకోబడదు.

అవతారిక: పటాన్‌చెరు నుండి ఇస్నాపూర్ పోవు దారిలో, కంపెనీ బస్సులు ఆగు చోట, ఒక రంగుచేపల దుకాణము తలుపున అట్టముక్కపై వెలసిన సూక్తి ఇది. కవి పేరు తెలియదు. పూర్వ వ్యాఖ్యాతలెవ్వరు ముట్టనందున మేమే పూనుకొంటిమి.

ప్రతిపదార్థము: లక్కీ = అదృష్టము తెచ్చునట్టి (ఎవరికన్నది మూలమున లేదు; గల్లాపెట్టెతో అన్వయించుకొనవలెను); తాబేలు = కంటి వెనుక ఎర్రచార గల, మిసిసిపీ నదీతీరపు రెడ్ ఇయర్డ్ స్లైడర్; గింతే = రూపాయి బిళ్ల కంటె కాస్త పెద్దగా; ఉంటది = నేటికి ఉండును; పెద్దగ కాదు = దుకాణమున ఉన్నన్నాళ్లు; మెయింటెనెన్స్ లేదు = అమ్మువానికి లేదు.

తాత్పర్యము: షిఫ్టు దిగి ఇంటికేగు ఓ కార్మికుడా! పిల్ల ఏడ్పు మాన్పుటకు గుండీ వంటి యీ ప్రాణిని కొనుము. నేటి బేరము నాది, రేపటి సంగతి నీది అని భావము.

విశేషములు: తాబేలన్నచో ఏ నీట వేసినను బ్రతుకునని పూర్వపక్షము. అది పొసగదు. మన చెరువు తాబేలు కుంటలలో, కాలువలలో, వరిమళ్లలో ఉండును. నీరెండినచో బురదలో పూడుకొని వానకై కాచుకొనును. నక్షత్ర తాబేలు నీటిదే కాదు. చిత్తూరు, అనంతపురము వైపు ముళ్లపొదల మెట్టలలో గడ్డి మేయును. తొట్టిలో వేసినచో మునిగి చచ్చును. రెండును వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులోనివి, ఇంట ఉంచుకొన్నచో మూడేండ్లకు తగ్గని జైలు. శ్రీకూర్మము గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లున్నవి గదా యందురేమో. స్వామివారి ఖాతా వేరు.

“పెద్దగ కాదు” అనునది అతిశయోక్తి కాదు, శుద్ధ అబద్ధము. ఆలంకారికులు దీనికి పేరు పెట్టలేదు. ఆడది పాతిక సెంటీమీటర్లు దాటును, ముప్పై ఏండ్లు బ్రతుకగలదు. యూకేజీ పిల్లకు కొన్నచో ఆ పిల్ల పెండ్లికి అదియు హాజరగును. స్వదేశమైన అమెరికాలోనే, పిల్లలకు సాల్మొనెల్లా అంటుచున్నదని, నాలుగంగుళముల లోపు తాబేళ్ల అమ్మకమును 1975లో నిషేధించిరి.

మెయింటెనెన్సు సంగతి. ఇది మందగించిన నీటిలో తిరిగి, దుంగలెక్కి ఎండ కాచుకొను జీవి. ఎండలోని అతినీలలోహిత కిరణములు తగులనిచో ఒంటికి కాల్షియము పట్టదు, డిప్ప మెత్తబడును. కిరాయింటి ఫ్రిజ్జుపై గాజుడబ్బాలో దానికి సూర్యుడు ట్యూబులైటే. మాటిమాటికి ఆ నీరు మార్చు ఇల్లాలు ఈ వాక్యమునకు వేరొక వ్యాఖ్య చెప్పును. అది ముద్రణకు తగదు.

పాఠము చెడినదని మా అనుమానము. ఉత్తరదిక్కున నీళ్లపళ్లెములో పెట్టు ఇత్తడి తాబేలుకైతే ఈ సూక్తి అక్షరాల చెల్లును.

ఇక “వాపస్ తీసుకోబడదు” కావ్యమునకు ప్రాణము. కర్మణిప్రయోగము, కర్త తప్పించుకొనెను. తాబేలు పెరిగినది, డబ్బా చాలదు, ఇల్లు కంపు, చంపుటకు చేతులు రావు. కనుక ఆదివారము సాయంత్రము బకెట్టుతో సాకి చెరువుకు ప్రయాణము, పైగా పుణ్యమని పేరు. ప్రపంచమున మిక్కిలి చెరుపు చేయు నూరు చొరబాటు జాతుల పట్టికలో స్లైడరు ఒకటి. తిండికి, ఎండకు స్థానిక తాబేళ్లతో పోటీపడి నెట్టివేయును, మురికికిని ఓర్చుకొనును. ఈ ప్రాంతమున ఆ ఓర్పు చిన్న గుణము కాదు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రము వదలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించిరి. మందు మ్రింగిన రోగి రక్తములోనైన అంత ఉండదు.

బకెట్టు పట్టిన సంగారెడ్డి శాఖవారు మంజీరకే పోదురు. అచ్చట 1978 నుండి మొసళ్లున్న అభయారణ్యము కలదు, డిప్ప పగులగొట్టు దవడలు మొసలికి కలవు. ఈ పక్షమున కథ త్వరగా ముగియును.