కొండగట్టు ఫోన్ పద్యం: సంజీవనీ వ్యాఖ్య

మూలం

పాత ఫోను దీసి పారవేయుట మేలొ
క్రొత్తదాని ధరకుఁ గొంత యాగి
దసర వచ్చుదాఁక దాఁచియుంచుట మేలొ
కొండగట్టు ఱేఁడ! గుట్టు దెలుపు

అవతారిక

కవి పేరు తెలియదు. కాలం మాత్రం కొంత తెలుస్తుంది. చేతిలో ఫోను ఉంది, అది పాతబడింది, కొత్తదాని ధర మీద కన్ను పడింది. కాబట్టి మరీ ప్రాచీనుడు కాడు. ఊరి ఆనవాలు నాలుగో పాదంలో ఉంది. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే తొవ్వలో, మల్యాల మండలంలోని గుట్ట ఎక్కి, కోతులకు అందకుండా కొబ్బరికాయను చంకలో పెట్టుకొని, అంజన్న ఎదుట నిలబడి అడిగిన మాట ఇది.

శంక: సంతానం కలగాలని, మనాది తీరాలని, గల్ఫ్ వీసా రావాలని మొక్కుకునే సన్నిధిలో ఫోన్ ముచ్చట ఎందుకు? సమాధానం: దుకాణపాయనను అడిగితే ఆయనకు అమ్మకం మీద కమీషన్ ఉంటుంది, అంజన్నకు ఉండదు. పైగా ఇక్కడి మూర్తికి ఆంజనేయ ముఖంతో పాటు నారసింహ ముఖమూ ఉందని ప్రసిద్ధి. రెండు ముఖాల దేవుణ్ని రెండు ‘మేలొ’లతో అడగడం కవి ఔచిత్యం.

ఈ టీకకు సంజీవని అని పేరు పెట్టడానికి కారణాలు రెండు. కాళిదాస కావ్యాలకు సంజీవని రాసిన మల్లినాథ సూరిది మన మెతుకుసీమలోని కొలిచాలమ, నేటి కొల్చారం. మూలంలో లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అన్నది ఆయన ప్రతిజ్ఞ. ఇందులో రెండో సగం ఫోన్ కొనేవాళ్లకూ వర్తిస్తుంది. ఇక రెండో కారణం స్థలపురాణం. హనుమంతుడు సంజీవని పర్వతాన్ని మోసుకుపోతుంటే ఒక ముక్క విరిగి ఇక్కడ పడిందని, అదే కొండగట్టు అయిందని చెప్తారు. ఈ కథతో మనకు ముందు ముందు చాలా పని ఉంది.

ప్రతిపదార్థం

కొండగట్టు ఱేఁడ = కొండగట్టున వెలసిన స్వామీ; పాత ఫోను = కొని ఎన్నాళ్లయినా సరే, దోస్తు కొత్తది కొన్న మరునాటి నుంచి చేతిలో మిగిలిన ఫోనును; తీసి = జేబులో నుంచి తీసి, లేదా ఛార్జర్ నుంచి తీసి (రెండో అర్థమే బలమైనది); పారవేయుట = వదిలించుకొనుట; మేలొ = మంచిదా; క్రొత్తదాని ధరకు = కొత్త ఫోను ధర దిగుట కొరకు; కొంత = ఎంతో చెప్పని కాలము; ఆగి = ఓపిక పట్టి, అనగా రోజుకు పదిసార్లు ఆ ధర చూస్తూ; దసర వచ్చుదాఁక = ఆఫర్లు వచ్చేదాకా; దాఁచి = పగిలిన అద్దానికి టేపు అంటించి; ఉంచుట మేలొ = ఉంచుకొనుట మంచిదా; గుట్టు = అసలు సంగతి; తెలుపు = తెలియజేయుము.

తాత్పర్యం

స్వామీ, ఫోన్ ఇప్పుడే మార్చాల్నా, జర ఆగాల్నా?

(ఇంతే. మిగిలినదంతా వ్యాఖ్యాతల పొట్టకూటి కోసం.)

ఛందోవిశేషం

ఇదే తొవ్వ మీద, గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. పంపకవి తమ్ముడు జినవల్లభుడు 945 ప్రాంతంలో అక్కడ రాతి మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటా శాసనం చెక్కించాడు. అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. వెయ్యేళ్లు దాటినా ఆ రాయి ఒక్క అప్‌డేట్ కూడా అడగలేదు. మన కవి ఆ పక్క నుంచే బస్సులో వచ్చి ఉంటాడు గాని కందం జోలికి పోలేదు. ప్రాస నియమం లేని ఆటవెలదితో సరిపెట్టుకున్నాడు. ఈయన కొనబోయేది బడ్జెట్ ఫోనే అని ఛందస్సే చెప్తోంది.

పాఠాంతరం

మూడో పాదంలో ‘దసర’ ఉన్న చోట ‘చుట్టి వచ్చుదాఁక’ అన్న పాఠాన్ని గల్ఫ్ కుటుంబాలవారు సమర్థిస్తారు. చుట్టి అంటే దుబాయ్, మస్కట్, సౌదీలలో పనిచేసేవాళ్లకు దొరికే సెలవు. మామ చుట్టి మీద వచ్చినప్పుడు పెట్టెలో టైగర్ బామ్‌తో పాటు ఫోనూ వస్తుంది కదా, కొనడం దేనికి అని వారి భావం. అర్థం బాగానే ఉంది, యతి మాత్రం చచ్చింది. రెండో సగం ‘దాఁచి’తో మొదలవుతుంటే పాదం ‘చు’తో మొదలుపెట్టడానికి ఏ లాక్షణికుడూ ఒప్పుకోడు. వస్తుపరంగానూ చిక్కుంది. దుబాయ్ ఫోనుకు ఇక్కడ వారంటీ చెల్లుతుందా లేదా అన్నది కంపెనీకో తీరు, మోడల్‌కో తీరు. కాల్‌ల సంగతీ అంతే, అక్కడ వాట్సాప్ కాల్‌కు అనుమతి లేకనే కదా ఏళ్ల తరబడి మన ఊళ్లు ఇమో యాప్‌లో మాట్లాడుకున్నవి. దేశానికో పాఠం ఉండటం తాళపత్రాలకే కాదు, ఫోన్లకూ ఉంది. బిల్లు, వారంటీ మాట తేల్చుకోకుండా ఈ పాఠాన్ని స్వీకరించరాదు.

‘పారవేయుట’ మీద విచారం

ఇది కవి చేసిన అతిశయోక్తి. ఈ సీమలో ఫోన్‌ను పారేసినవాడు లేడు. ఆస్తి తండ్రి నుంచి కొడుకుకు దిగుతుందని మితాక్షర చెప్తుంది. ఫోన్ మాత్రం కొడుకు నుంచి తండ్రికి ఎక్కుతుంది. కొడుకు విడిచింది బాపు చేతికి, బాపుది అమ్మ చేతికి. ఏ ధర్మశాస్త్రంలోనూ లేని ఈ దాయభాగాన్ని ఇంటింటా పాటిస్తున్నాం, కొడుకులు దాన్ని పితృభక్తి కింద లెక్క రాసుకుంటున్నారు.

ఇక్కడ వ్యాఖ్యాత కొంచెం గొంతు పెంచక తప్పదు. కంపెనీ ఏ ఫోనుకైనా కొన్నేళ్లే సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తుంది. అవి ఆగిన తర్వాత దొరికిన లొసుగును పూడ్చే దిక్కుండదు. అట్లా దిక్కు లేకుండా అయిన ఫోనే బాపు జేబులోకి పోతోంది. రైతు భరోసా పడ్డ మెసేజ్ వచ్చేది దాంట్లోకే, వడ్ల పైసలు పడే ఖాతా ఉండేది దాంట్లోనే, ‘కేవైసీ అయిపోయింది, ఈ లింకు నొక్కండి’ అని మోసగాళ్లు పంపేదీ దానికే. ఇంట్లో మోసపోయే ప్రమాదం ఎవరికి ఎక్కువో వారి చేతికే రక్షణ తక్కువ ఫోను ఇస్తున్నాం. ‘కొత్తది నాకు, పాతది బాపుకు’ అన్న అన్వయాన్ని తిప్పి రాయాలన్నది ఈ టీకాకర్త మతం.

‘దసర’ శబ్దచర్చ

జమ్మి ఆకు, పాలపిట్ట ఉన్న దసరా కాదిది. 2014 అక్టోబర్ 6న ఫ్లిప్‌కార్ట్ తొలి బిగ్ బిలియన్ డే పెట్టిన తర్వాత, తంగేడు పువ్వు కోసే రోజులకు ఆన్‌లైన్ అంగళ్లలో ఫోన్ల జాతర సాగడం ఆనవాయితీ అయింది. కవి ఆశకు ఆధారం లేకపోలేదు. 2024 సెప్టెంబరులో ఐఫోన్ 16 రాగానే ఐఫోన్ 15 ధర 79,900 రూపాయల నుంచి 69,900కు దిగింది. కొత్తది వచ్చిననాడు నిరుటిది చౌక అవుతుంది, పండుగ సేల్‌లో ఇంకొంచెం దిగుతుంది. ఇంతవరకు కవి మాట నిజం.

ఆ పైన మాత్రం పద్యం వదులు. ధర ఎప్పుడూ కిందికే పోతుందన్నది కవి నమ్మకం. ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ 1న 12 శాతం నుంచి 18కి ఎక్కింది, మళ్లీ దిగలేదు. 2025 సెప్టెంబర్ 22న పెద్ద టీవీలు, ఏసీలు 28 నుంచి 18 శాతానికి వచ్చినప్పుడు ‘ఫోన్లు గూడ తగ్గుతయట’ అని ఆగినవాళ్లకు పన్నులో దక్కింది సున్నా. ఆ ఏడు చివర మెమరీ చిప్‌ల ధరలు పైకి లేచాయి. ఏఐ డేటా సెంటర్లు చిప్‌లను ముందే కొనేసుకుంటుంటే ఫోన్ కంపెనీలకు అవి ప్రియమయ్యాయి, ఆ భారం ఫోన్ ధర మీద పడింది. ఆగినవాడు ఒక్కోసారి ఎక్కువ కడతాడు.

ఇక కవి పట్టించుకోని మరో సంగతి పంట కాలం. వానకాలం వడ్లు కల్లానికి చేరేది దసరా దాటినాక. కాంటా అయి, పైసలు ఖాతాలో పడేసరికి చలి ముదురుతుంది. యాసంగి పైసలు వచ్చేది ఎండలు మండినాక. సేల్ మాత్రం చేతిలో పైస లేని రోజుల్లో వస్తుంది. అందుకే రైతు ఇంటి దసరా ఫోను ఈఎంఐ ఫోను అవుతుంది. ‘సున్నా వడ్డీ’ అని బోర్డు ఉంటే సంతోషపడవద్దు. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని, అది ఇంకో రూపంలో వసూలవుతుందని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ప్రాసెసింగ్ ఫీజు, నగదు కట్టేవాడికి దక్కే తగ్గింపు పోగొట్టుకోవడం, ఇవే ఆ రూపాలు. కరీంనగర్ టవర్ సర్కిల్‌లో నగదుకు ఎంత, కిస్తీకి ఎంత అని రెండు ధరలు వేర్వేరుగా అడిగి చూడండి. సున్నా ఎంతో తెలుస్తుంది.

అలంకారం

‘ఇదా, అదా’ అని ఊగడం ఉంది కాబట్టి సందేహాలంకారమని కొందరు. పోలిక వల్ల పుట్టిన సందేహమే అలంకారం, ఇది ఒట్టి తికమక అని మరికొందరు. నిరుటి మోడల్‌నూ ఈ ఏటి మోడల్‌నూ పక్కపక్కన పెట్టి, కవర్ తొడిగి, ఏది ఏదో చెప్పమనండి. పోలిక సిద్ధించింది గనుక సందేహాలంకారమే.

పూర్వపక్షాలు

ఆగువాదులు అంటారు: దసరాకు ఆగు, దీపావళికి ఇంకో ఆఫర్ ఉంది, జనవరిలో రిపబ్లిక్ డే సేల్ ఉంది, ఆ తర్వాత కొత్త మోడల్ వస్తుంది, అది వస్తే ఇది దిగుతుంది. దీన్ని తార్కికులు అనవస్థా దోషమన్నారు. ఎక్కడా నిలవని వాదం ఎక్కడికీ చేరదు.

ఇప్పుడేవాదులు అంటారు: ‘ఉన్నది నాలుగొద్దుల జిందగి. ఫోను హ్యాంగ్ అయితాంది, చార్జింగ్ నిలుస్తలేదు, మార్చుడే.’ ఇది అన్యథాసిద్ధం, అంటే అసలు కారణం వేరే ఉంది. హ్యాంగ్ అవడానికి కారణం చాలాసార్లు ఫోను కాదు, ఏళ్ల తరబడి వచ్చి చేరిన శుభోదయం బొమ్మలు, పెండ్లి బరాత్ వీడియోలు. ఛార్జింగ్ నిలవకపోవడానికి కారణం బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీ మామూలుగా ఓ 500 సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యేసరికి మొదటి బలంలో ఐదో వంతు పోగొట్టుకుంటుంది. కొత్త రకాలు ఇంకా ఎక్కువ సార్లు తట్టుకుంటాయి. 2017 డిసెంబర్‌లో ఆపిల్ ఒక సంగతి ఒప్పుకుంది: బ్యాటరీ అరిగిన పాత ఐఫోన్లను హఠాత్తుగా ఆగిపోకుండా తామే సాఫ్ట్‌వేర్‌తో నెమ్మదింపజేశామని. జనం మండిపడ్డారు, కంపెనీ క్షమాపణ చెప్పి బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది. బ్యాటరీ మార్చగానే ఆ ఫోన్లు మళ్లీ ఉరికాయి.

సిద్ధాంతం

ఇప్పుడు స్థలపురాణానికి వద్దాం. లక్ష్మణుడికి కావలసింది మూలిక. హనుమంతుడికి దాన్ని గుర్తుపట్టడం కుదరక కొండనే పెకలించి తెచ్చాడు. భక్తితో చెప్పాల్సిన మాటే అయినా చెప్పక తప్పదు: సందేహం వస్తే మొత్తం తెచ్చేసే స్వామిని పట్టుకొని ‘కొత్త ఫోను కొనమంటావా’ అని కవి అడుగుతున్నాడు. జవాబు ఏమొస్తుందో ఊహించవచ్చు. ఆయనకు ఆపద ఉంది, తెల్లవారేలోపు తేవాలి. మనకు ఏ తొందరా లేదు, మూలికను వెతుక్కునే తీరిక ఉంది. మూలిక అంటే బ్యాటరీ. మూలిక అంటే నిండిన స్టోరేజీని ఒక ఆదివారం కూర్చొని ఊడ్చడం. పగిలిన అద్దం కూడా మూలికతోనే తీరే జబ్బు, కాని ముందే ధర అడగాలి. కొన్ని ఫోన్లకు అద్దం ఖర్చు కొండ ఖర్చులో సగానికి పోతుంది. అప్పుడు కొండే నయం.

వాల్మీకి రామాయణంలో పని కాగానే హనుమంతుడు ఆ కొండను తీసుకుపోయి దాని చోట పెట్టి వచ్చాడు. మనం పాత ఫోన్లను బీరువా సొరుగులో పెడతాం. బ్యాటరీ ఉబ్బేదాకా అవి అక్కడే ఉంటాయి. వాటిని ఎక్స్ఛేంజ్‌కో, ఈ-వేస్ట్ తీసుకునేవారికో ఇవ్వడం కూడా సిద్ధాంతంలో భాగమే.

మరి కొండ ఎప్పుడు తేవాలి? ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో ‘ఫోన్ గురించి’ అన్న చోట సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. అది ఏడాది వెనకే నిలిచిపోయి ఉంటే, ఆ ఫోనులో బ్యాంకు యాప్, యూపీఐ వాడుతుంటే, దసరా కోసం ఆగడం తప్పు. వాట్సాప్ 2025 జనవరి 1 నుంచి 2013 నాటి ఆండ్రాయిడ్ కిట్‌క్యాట్‌ను వదిలేసింది. అట్లా రోజూ వాడే యాప్‌లు చేయి వదిలినా ఆగరాదు. కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెళ్ల కంటే ముందు ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో అడగాలి. 2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8కి, 2024లో వచ్చిన శాంసంగ్ ఎస్24కి ఏడేళ్లని కంపెనీలు మాట ఇచ్చాయి. చౌక ఫోన్లలో అది చాలాసార్లు ఇందులో సగం కూడా ఉండదు. సెకండ్ హ్యాండ్ అయితే *#06# నొక్కి, వచ్చిన 15 అంకెల నంబరును సంచార్ సాథీలో చూసుకోవాలి. పోయిందని ఫిర్యాదు చేసి బ్లాక్ చేయించిన ఫోనైతే అక్కడ బయటపడుతుంది.

అప్‌డేట్లూ ఆగక, యాప్‌లూ చేయి వదలక, ఫోను బాగానే ఉండి మనసే బాగా లేకపోతే, అంజన్న సన్నిధిలో దానికి విధి ఉంది. చైత్ర పూర్ణిమకు చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. ఈ రెంటి నడుమ మండలం పాటు మాలధారణ చేస్తారు. కోరిక పుట్టిన రోజున బ్యాటరీ మార్పించి, ఊడ్చాల్సింది ఊడ్చి, ఒక మండలం ఆ మోడల్ పేరు ఎత్తకుండా ఉండండి. మాల విరమణ నాడు కూడా అదే కావాలనిపిస్తే, చేతిలో నగదు ఉంటే, కొనండి. కొత్తది ముందు బాపు చేతిలో పెట్టండి.

ఈ పద్యానికి మీ ఊళ్లో వేరే పాఠం వినబడితే పంపండి, తర్వాతి ముద్రణలో చేరుస్తాం. యతి మాత్రం మీరే చూసి పంపాలి.