వెర్మీర్‌కు ఏకలవ్య శిష్యుడు

రిటైర్‌మెంట్ సన్మానంలో కప్పిన శాలువా మడత నలగకముందే ఈయనకు ఆయిల్ పెయింటింగ్ పిచ్చి పట్టుకుంటుంది. నేర్పేవాళ్లు ఊళ్లో లేక కాదు. గురువు తప్పులు పడతాడు. 1675లోనే పోయిన డచ్చి చిత్రకారుడు వెర్మీర్‌తో ఆ బెడద లేదు. అందుకే ఆయన వేసిన ‘ముత్యపు చెవిపోగు పిల్ల’ను చూసి దింపుతూ పోర్ట్రెయిట్ నేర్చేసుకోవాలని సంకల్పం.

అసలు బొమ్మ ద హేగ్ నగరంలో మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. అర మీటరు ఎత్తు కూడా ఉండదు. ఈయన కాన్వాసు కోసం మాత్రం హాల్లో టీవీ దించాల్సి వస్తుంది. టర్పెంటైన్ వాసన మెట్లు దిగి వెళితే కింది వాటా ఆయన పైకొచ్చి, “పెయింటింగ్ పని పెట్టించారా? అడుగు ఎంతకు మాట్లాడారు?” అంటాడు.

అడుగు పూతలో నూనె తక్కువ, పై పూతలో ఎక్కువ ఉండాలి. ఈ సూత్రం వచ్చినవాళ్లందరికీ చెప్పి, తాను తిరగేసి వేస్తాడు. బొమ్మ పగుళ్లిస్తుంది. ఆ మాటకొస్తే అసలు బొమ్మకూ పగుళ్లున్నాయి. అక్కడ మూడున్నర శతాబ్దాలు పట్టిన పని ఇక్కడ మూడు నెలల్లో అయిపోయిందని ఈయన మురిసిపోతాడు.

అసలు చిక్కు ముక్కుతో. ఆ పిల్ల ముక్కుకూ వెలుగు పడిన చెంపకూ మధ్య గీత లేదు. రెండూ ఒకే కాంతిలో కలిసిపోతాయి. ముక్కు ఎక్కడ ఆగిందో చూసేవాడి కన్నే పూరించుకుంటుంది. (ఈ ఒక్కటి పట్టుబడితే సగం పోర్ట్రెయిట్ వచ్చినట్టేనని నా లెక్క.) ఈయన పగలంతా చెమటోడ్చి గీత లేకుండానే వేస్తాడు. రాత్రి నిద్రపట్టక లేచి, ముక్కు సరిగా లేని ఆడపిల్లను చూడలేక, సన్న కుంచెతో గీత లాగేసి హాయిగా పడుకుంటాడు.

2018లో పరిశోధకులు ఆ బొమ్మను పరికరాలతో పరీక్షిస్తే, మామూలు కంటికి ఆనని సన్నటి కనురెప్పల వెంట్రుకలు బయటపడ్డాయి. ఈ సంగతి ఈయన చెవిన పడిన మర్నాటికే పిల్లకు కూచిపూడి నర్తకిలా రెప్ప వెంట్రుకలు మొలుస్తాయి.

ఇక ముత్యం. వెర్మీర్ ఖర్చు పెట్టింది పైన తెల్లటి మెరుపొకటి, కింద కాలరు వెలుగు పడిన మసక పూత ఒకటి. చుట్టూ గీత లేదు, చెవికి తగిలించే కొక్కెమూ లేదు. కాఫీ తెచ్చిన ఇల్లాలు అది పట్టేస్తుంది.

“ఏమండీ, కొక్కెం లేకపోతే పడిపోదూ?”

ఈయన కళ్లజోడు సర్దుకుని అసలు బొమ్మ ప్రింటు కేసి చూస్తాడు. “పెద్దాయన మర్చిపోయినట్టున్నాడోయ్,” అంటూ బంగారు రంగుతో కొక్కెం పెట్టేస్తాడు.

ఆవిడ ఇంకా కదలదు.

“మరి బొట్టు?”

పెదవులకు కలిపిన ఎరుపు పాలెట్ మీద ఇంకా ఆరలేదు.